జెండా వెంకయ్యగారి చివరి మూడేళ్ళు



ఈ ప్రత్యేక సంచికకు పింగళి వెంకయ్యగారి జీవితం గురించి నాలుగు పేజీలు వ్రాయమని కార్యదర్శిగారు అడిగినప్పుడు నేనొక షరతు పెట్టాను. ఆయన జెండా గురించి ఏటా ఆగస్టులో పత్రికలన్నీ వ్రాస్తూనే ఉన్నాయి. నేను ఆయన ముసలితనం గురించి వ్రాస్తాను. దానితోబాటు మన సంఘంలో జరిగిన ఒక విషయం కూడా వ్రాస్తాను. అందులోంచి ఒక్క వాక్యం కూడా తీసివేయకూడదు అన్నాను. కార్యదర్శిగారు కాసేపు ఆలోచించి సరేనన్నారు. ఆయన ఎందుకు ఆలోచించవలసివచ్చిందో చదివిన మీదట మీకే తెలుస్తుంది.

ముందుగా నా తప్పు ఒప్పుకోవాలి. మూడేళ్ళ క్రితం గుడివాడలో మన సభ్యుడొకరు కాలం చేశారు. పేరు వ్రాయను, తెలిసినవారికి తెలుసు. నేనూ ఆయనా ఇరవై రెండేళ్ళు ఒకే ఆఫీసులో ఎదురెదురు బల్లల దగ్గర కూర్చున్నాం. ఒకరినొకరు గురువుగారూ అనే పిలుచుకునేవాళ్ళం. సంఘం తరఫున సంతాప తీర్మానం నేనే వ్రాశాను. హఠాన్మరణం అని వ్రాశాను. ఫోను చేసి అడిగినవారికి గుండెపోటని చెప్పాను. అది నిజం కాదు. ఆయన తన ప్రాణం తానే తీసుకున్నారు. వాళ్ళ పిల్లలు బయటపెట్టవద్దని చేతులు పట్టుకుని అడిగారు, నేను కాదనలేకపోయాను. ఇప్పుడు వాళ్ళ అనుమతితోనే ఈ మాత్రం వ్రాస్తున్నాను.

పోవడానికి నెల రోజుల ముందు ఆయన గుడివాడ నుంచి ప్యాసింజరులో బందరు వచ్చి మా ఇంటికి వచ్చారు. చేతిలో ఒక గుడ్డసంచి. అందులో ఫండమెంటల్ రూల్సు, పింఛను రూల్సు, ట్రెజరీ కోడ్. అన్నీ అట్టలు వేయించి, అంచుల్లో ఎర్రసిరాతో తన చేతివ్రాతతో వివరాలు వ్రాసుకున్న పుస్తకాలు. సర్వీసులో ఉన్నప్పుడు వాటిని ఎవరైనా ముట్టుకుంటే ఊరుకునేవారు కాదు. ఇక తనకు వాటితో పనేముంది, మీ దగ్గరుంచండి అన్నారు. భార్య పోయి ఏడాదిన్నర. కొడుకు బెంగుళూరులో, కూతురు అమెరికాలో. చెవి బాగా మందగించింది. బి.పి. మాత్రలు మానేశానని కూడా ఆ రోజే చెప్పారు. తనవల్ల అందరికీ శ్రమే తప్ప ప్రయోజనం లేదన్నారు. నేనేం చేశాను? పుస్తకాలు ఇచ్చినందుకు సంతోషించాను. మనందరి సంగతీ అంతేగదా గురువుగారూ అని నవ్వాను. కాఫీ ఇచ్చి, సాయంత్రం బండి ఎక్కించి వచ్చాను. అడగవలసిన మాట ఒక్కటి ఉంది, అది అడగలేదు.

ఆ తరువాతనే నేను వెంకయ్యగారి గురించి దొరికినవన్నీ చదవడం మొదలుపెట్టాను. రెంటికీ సంబంధమేమిటని అడగవచ్చు. ఒకటి మాత్రం ముందే స్పష్టం చేస్తాను. వెంకయ్యగారు ప్రాణం తీసుకోలేదు, తీసుకోవాలనుకున్నారని ఎవరూ వ్రాయలేదు, నేనూ అనడం లేదు. ఎనభై ఆరేళ్ళు బ్రతికి సహజంగా వెళ్ళిపోయిన మనిషి. ఆయన జీవితంలో చివరి మూడేళ్ళే నన్ను పట్టుకున్నాయి. అందుకు ఒక కారణం నా సొంతది, అది చివర్లో చెబుతాను.

ఆయన మన ప్రాంతం వారేనన్నది కొత్తతరానికి అంతగా తెలియదు. 1876 ఆగస్టు 2న మొవ్వ దగ్గర భట్లపెనుమర్రులో పుట్టారు. అంటే బందరు నుంచి కూచిపూడి పోయే దారిలో. తండ్రి హనుమంతరాయుడుగారు యార్లగడ్డ గ్రామ కరణం. తల్లి పేరు వెంకటరత్నమ్మ. మాతామహులు అడివి వెంకటాచలంగారు చల్లపల్లి సంస్థానంలో ఠాణేదారు. ఆయనకు పెదకళ్ళేపల్లికి బదిలీ కావడంతో పిల్లవాడి బాల్యం కొంత అక్కడ, అంటే దివిసీమలో, కృష్ణ ఒడ్డున గడిచింది. మొదటి చదువు చల్లపల్లిలో, తరువాత బందరు హిందూ హైస్కూల్లో. కరణంగారి అబ్బాయి, ఠాణేదారుగారి మనుమడు. మనలాగే రికార్డుల మధ్య పుట్టిన మనిషన్నమాట. లెక్కప్రకారం ఆయన కూడా కరణీకం చేసుకుంటూ ఆ ఊళ్ళోనే ఉండిపోవలసింది.

ఉండలేదు. కుర్రతనంలోనే బొంబాయి వెళ్ళి సైన్యంలో చేరారు. బోయర్ యుద్ధానికి దక్షిణాఫ్రికా వెళ్ళారు. గాంధీగారిని మొదట చూసింది అక్కడే. తిరిగివచ్చాక కొంతకాలం రైల్వే గార్డు, కొంతకాలం ప్లేగు ఇన్‌స్పెక్టరు. ఈ రెండు ఉద్యోగాలలోనూ ఎక్కువకాలం నిలవలేదు. మన సంఘంలో ముప్ఫై అయిదేళ్ళు ఒకే శాఖలో ఇంక్రిమెంట్లు లెక్కపెట్టుకున్నవాళ్ళం ఉన్నాం కనుక ఇలాంటి మనిషి మనకు కొంచెం వింతగానే కనిపిస్తాడు. లాహోరులో సంస్కృతం, ఉర్దూ, జపాన్ భాష నేర్చుకున్నారు. బాపట్లలో ఒక సభలో జపాన్ భాషలో మాట్లాడారట, దానితో జపాన్ వెంకయ్య అయ్యారు. కంబోడియా పత్తి రకం మీద పరిశోధన చేసి పత్తి వెంకయ్య అయ్యారు. తరువాత జెండా వెంకయ్య, ఆ తరువాత డైమండ్ వెంకయ్య. ఒక మనిషికి ఊరివాళ్ళు నాలుగు బిరుదులు తగిలించారంటే ఆయన నాలుగు జీవితాలు బ్రతికినట్లే.

1910లో కోపల్లె హనుమంతరావుగారు, ముట్నూరి కృష్ణారావుగారు, పట్టాభి సీతారామయ్యగారు కలిసి బందరులో ఆంధ్ర జాతీయ కళాశాల పెట్టారు. వెంకయ్యగారు అందులో అధ్యాపకులుగా చేరి, వ్యవసాయశాస్త్రం, చరిత్ర చెప్పడమే కాక గుర్రపుస్వారీ, సైనిక శిక్షణ కూడా నేర్పారు. ఆ కళాశాలలో ఉండగానే 1916లో ఆయన భారతదేశానికొక జాతీయ పతాకం కావాలని ఇంగ్లీషులో ఒక చిన్న పుస్తకం వేశారు. అందులో ముప్ఫై నమూనాలు ఇచ్చారు. ప్రపంచంలోని జెండాలన్నీ వరుసగా పరిశీలించి, మనకేది తగునో ఆలోచించి వేసినవి. కాంగ్రెసు సభ ఎక్కడ జరిగితే అక్కడికి ఆ పుస్తకం చంకలో పెట్టుకుని వెళ్ళి, పెద్దలు కనిపించినప్పుడల్లా ఆ విషయమే ఎత్తేవారు. అయిదేళ్ళు ఎవరూ పట్టించుకోలేదు. ఆయన విడిచిపెట్టలేదు.

1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీలలో బెజవాడలో అఖిల భారత కాంగ్రెసు కమిటీ సమావేశమైంది. అక్కడ గాంధీగారు అడగ్గా, ఎరుపు ఆకుపచ్చ రంగులతో, మధ్య రాట్నంతో జెండా తయారుచేసి ఇచ్చారు. రాట్నం ఉండాలన్న ఆలోచన జలంధర్‌కు చెందిన లాలా హన్స్‌రాజ్‌గారిది. తరువాత గాంధీగారు తెలుపు చేర్చమన్నారు. ఆ నెలలోనే గాంధీగారు తన యంగ్ ఇండియా పత్రికలో మచిలీపట్నం జాతీయ కళాశాలకు చెందిన వెంకయ్యగారి పుస్తకాన్ని, ఆయన పట్టుదలను ప్రస్తావించారు. 1931లో జెండా విషయం తేల్చడానికి ఏడుగురితో కమిటీ వేశారు. దాని కన్వీనరు మన పట్టాభిగారే. ఆ ఏడాది బొంబాయి సమావేశంలో కాషాయం, తెలుపు, ఆకుపచ్చ ఖాయమైనాయి. 1947 జులై 22న రాజ్యాంగసభ రాట్నం స్థానంలో అశోకచక్రం పెట్టి ఆమోదించింది. కనుక ఇప్పటి జెండా ఒక్కచేతి మీదుగా వచ్చినది కాదు. ఎవరిదెంత అనే వివాదాలు కూడా ఉన్నాయి, వాటిలోకి నేను పోను. మొదటి అడుగు బందరు నుంచి పడిందన్నది మాత్రం ఎవరూ కాదనలేరు.

జెండా కథ ఇక్కడికి చాలు. అప్పటికి ఆయనకు డెబ్బై దాటింది. దేశమంతా ఆ జెండాకు వందనం చేస్తున్నది. ఆయన మాత్రం రాళ్ళు ఏరుకుంటున్నారు.

నేను ఎగతాళికి అనడం లేదు. 1924 నుంచి ఇరవై ఏళ్ళపాటు నెల్లూరులో ఉండి అభ్రకం మీద పరిశోధన చేశారు. తరువాత వజ్రాల మీద పడ్డారు. వజ్రకరూరు, హంపీ ప్రాంతాలలో తిరిగి, వజ్రం ఏ రాతిలో పుడుతుందో పట్టుకోవాలని చూశారు. ఎనభైకి దగ్గరపడిన వయసులో, 1955లో, వజ్రపు తల్లిరాయి అన్న పుస్తకం వేశారు. ప్రభుత్వం వారికి ఖనిజాల విషయంలో సలహాదారుగా 1960 దాకా పనిచేశారు. అంటే ఎనభై నాలుగేళ్ళదాకా ఆయన పని మానలేదు. మనం యాభై ఎనిమిదికి, కొందరం అరవైకి దిగి, మరుసటి సోమవారం పొద్దున ఎక్కడికి వెళ్ళాలో తెలియక వరండాలో నిలబడిపోయాం. ఆ సోమవారం ఆయనకు ఎనభై నాలుగో ఏట వచ్చింది.

ఆ తరువాతివే నేను చెప్పే మూడేళ్ళు. పూర్వం సైన్యంలో చేసినందుకు ప్రభుత్వం బెజవాడ చిట్టినగర్‌లో ఇచ్చిన కొద్దిపాటి స్థలంలో గుడిసె వేసుకుని ఉన్నారు. తిండికి కూడా కష్టమైన రోజులు గడిచాయని ఆయన చరిత్ర వ్రాసినవారందరూ వ్రాశారు. ఊరు నిండా జెండాలు, ఆయన ఇంట్లో గింజలు లేవు. దీన్ని చదివి మనలో చాలామంది ప్రభుత్వాన్ని తిడతారు. తిట్టవచ్చు. అయితే పింఛను తీసుకుంటున్న మనవాడు, గుడివాడలో సొంత డాబా ఉన్న మనవాడు, అన్నానికి లోటులేని మనవాడు ఎందుకు వెళ్ళిపోయాడు? డబ్బు ఒక్కటే లెక్క అయితే ఈ లెక్క కుదరదు.

ఆ మూడేళ్ళలో ఆయన గుడిసె తలుపు ఎవరు తట్టారు, రోజులో ఎంతసేపు మాట్లాడే మనిషి ఉండేవాడు అన్నవి నాకు పుస్తకాల్లో దొరకలేదు. ఒక్క తేదీ దొరికింది. 1963 జనవరి 15. ఆ రోజు కె.ఎల్. రావుగారు, టి.వి.ఎస్. చలపతిరావుగారు, కాట్రగడ్డ శ్రీనివాసరావుగారు మొదలైన పెద్దలు పూనుకుని బెజవాడలో ఆయనకు సన్మానం చేసి, కొంత నిధి పోగుచేసి ఇచ్చారు. సంక్రాంతి రోజులు. ఆ ఏడాది జులై 4న ఆయన పోయారు. అంటే ఆరు నెలలకు కొద్దిగా తక్కువ ముందు. ఆయన మీద తపాలా బిళ్ళ 2009లో వచ్చింది, విగ్రహాలు ఊరూరా వచ్చాయి, ఉత్సవాలు జరిగాయి. అవన్నీ మనకోసం. ఆయన కంటితో చూసింది ఆ జనవరి రోజును. ఆ సన్మానానికి పూనుకున్నవారిని నేను జెండాకు మొక్కినట్లే మొక్కుతాను. ఆలస్యమే అయింది గాని, మనిషి ఉండగా వెళ్ళారు.

చివరి రోజుల్లో ఆయన ఒక కోరిక చెప్పారని అందరూ వ్రాస్తారు. పోయిన తరువాత త్రివర్ణ పతాకం తన శరీరం మీద కప్పాలని, శ్మశానానికి చేరాక దాన్ని తీసి అక్కడి రావిచెట్టుకు కట్టాలని. దీని దగ్గర నేను చాలా రోజులు ఆగిపోయాను. గురువుగారు పుస్తకాలు ఇచ్చివేయడమూ, వెంకయ్యగారు జెండా విషయం చెప్పడమూ పైకి ఒకేలా కనిపిస్తాయి. ఇద్దరూ చావు గురించే మాట్లాడారు. ముసలివాళ్ళం చావు గురించి మాట్లాడటంలో వింతేమీ లేదు. వీలునామా వ్రాసుకుంటాం, బ్యాంకులో నామినీ పేరు సరిచేయిస్తాం, కర్మ ఎవరు చేయాలో చెబుతాం. ప్రతిదానికీ కంగారుపడితే ఇంట్లో ఉండలేం. మరి తేడా ఎక్కడ ఉంది?

ఈ సంగతి ఒక మానసిక వైద్యులను అడిగాను. ఆయన చెప్పినదాన్నిబట్టి, నేను చదివినదాన్నిబట్టి నాకర్థమైంది ఇది. పోయాక ఏం చేయాలో చెప్పే మనిషికి చెయ్యవలసిన వాళ్ళ మీద నమ్మకముంది, వాళ్ళతో బంధం ఉంది. తాను ఇతరులకు బరువయ్యానని, తాను లేకపోతేనే వాళ్ళకు సుఖమని అనుకునే మనిషి మాట వేరు. మాత్రలు మానివేయడం, తిండి తగ్గించడం, నిద్రపట్టకపోవడం, ఏళ్ళ తరబడి ప్రాణంగా చూసుకున్న వస్తువులు పంచిపెట్టడం, రోజూ వచ్చే అరుగు మీదికి రావడం మానివేయడం, చాలా రోజులు కుమిలి ఉన్నట్లుండి తేటపడినట్లు కనిపించడం. ఇవి వయసుతో వచ్చే వైరాగ్యం కాదు, చాలాసార్లు జబ్బు. దానికి మందు ఉంది, డెబ్బైలోనూ ఎనభైలోనూ పనిచేస్తుంది. ముసలితనమన్నాక దిగులుండదా అని మనమే దాన్ని వదిలేస్తున్నాం. ప్రపంచంలో చాలాచోట్ల ఈ మరణాల రేటు డెబ్బై దాటినవారిలోనే ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలు చెబుతున్నాయి. మన దేశంలో 2022లో అన్ని వయసులవారూ కలిసి 1,70,924 మంది ఇలా పోయారని ప్రభుత్వ లెక్క. గుండెపోటని వ్రాసినవి ఆ లెక్కలో ఉండవు.

తేడా పైకి తెలియనప్పుడు ఏం చేయాలని అడిగితే డాక్టరుగారు ఒక్కటే చెప్పారు. అడగాలి. సూటిగా, ఆ మాటతోనే అడగాలి. చచ్చిపోవాలనిపిస్తున్నదా అని. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్లవుతుందేమోనని నా భయం. అలా జరగదని పరిశోధనల్లో తేలిందని, అడిగితే మనిషికి ఊపిరాడుతుందని ఆయన అన్నారు. నేను ఆనాడు కాఫీ ఇచ్చి నవ్విన గదిలోనే కూర్చుని ఈ మాట విన్నాను.

ఇక ఇటలీలో జరిగిన ఒక పని చెప్పాలి, ఎందుకంటే మనం చేయగలిగినది అదే. 1988లో అక్కడి వెనెటో ప్రాంతంలో ఒంటరిగా ఉన్న వృద్ధులకు వారానికి రెండుసార్లు ఫోను చేసి బాగోగులు అడిగే ఏర్పాటు పెట్టారు. పద్ధెనిమిది వేలమందికి పైగా వృద్ధులను పదకొండేళ్ళపాటు గమనించారు. మామూలు రేటు ప్రకారం వారిలో ఇరవైమంది దాకా ప్రాణం తీసుకుని ఉండవలసింది, ఆరుగురే తీసుకున్నారు. అయితే ఈ మేలు ఆడవారిలోనే స్పష్టంగా కనిపించింది, మగవారిలో అంత కనిపించలేదు. మగవాళ్ళం ఫోనులో బాగానే ఉన్నామంటాం కదా! కాబట్టి మగవారి విషయంలో ఫోను చాలదు, వెళ్ళి కూర్చోవాలన్నది నా అభిప్రాయం.

మనల్ని బ్రతికే ఉన్నామా అని ట్రెజరీ వారు ఏటా ఒకసారి అడుగుతారు. మనమూ వేలిముద్ర వేసి బ్రతికే ఉన్నామని నిరూపిస్తాం. మిగతా మూడువందల అరవైనాలుగు రోజులు ఎవరడుగుతారు?

ఈ ఆలోచనతోనే సంఘంలో ఒంటరిగా ఉన్న సభ్యుల జాబితా వ్రాశాం. బందరులో, గుడివాడలో, దివిసీమలో కలిపి ముప్ఫై ఒక్కమంది వచ్చారు. గురువారం గురువారం ఫోను చేయడానికి వంతులు వేసుకున్నాం. మొదట్లో నవ్వారు. రోల్‌కాలా అన్నారు ఒకరు. అవును, రోల్‌కాలే.

అందులో దివిసీమ మాస్టారొకరు ఉన్నారు. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చినప్పుడు ఆయన అక్కడే టీచరు. ఆ రాత్రి పదివేలకు పైగా జనం పోయారు. వారిలో ఆయన ఇంటివారు ముగ్గురున్నారు. తరువాత మళ్ళీ పెళ్ళి చేసుకున్నారు, పిల్లలు పెరిగారు, ఆ రెండో ఆవిడ కూడా నిరుడు పోయింది. నవంబరు వచ్చిందంటే ఆయనకు మాట తగ్గిపోతుందని మాకందరికీ తెలుసు. పోయిన నవంబరులో మూడు గురువారాలు బాగానే ఉన్నానన్నారు. నాలుగో గురువారం ఫోను తీయలేదు. నేనూ ఇంకొకరమూ బస్సెక్కి పులిగడ్డ దాటి వెళ్ళాం. ఇంటి అరుగు మీదే కూర్చుని ఉన్నారు, గడ్డం మాసి ఉంది. అవీ ఇవీ మాట్లాడాక, మా వాణ్ణి టీ తెమ్మని పంపి, మాస్టారూ, చచ్చిపోవాలని ఆలోచిస్తున్నారా అని అడిగేశాను. నా గొంతు వణికింది, దాచుకోవడమెందుకు. ఆయన చాలాసేపు కాలువ వైపు చూశారు. తరువాత అవునన్నారు. ఎన్నాళ్ళనుంచి అని అడిగాను. దసరా నుంచి అన్నారు.

తరువాత చేసినవి పెద్ద పనులేమీ కావు. ఆ రాత్రి ఆయన్ను ఒంటరిగా వదలలేదు, నేను అక్కడే పడుకున్నాను. కొడుకును పిలిపించాం. కొట్టంలో ఉన్న పురుగుమందు డబ్బాలన్నీ అతనిచేత తీయించి వేరేచోట తాళం వేయించాం. శ్రీలంకలో మరీ విషపూరితమైన పురుగుమందులను 1990లలో నిషేధించిన తరువాత ఈ మరణాలు బాగా తగ్గిపోయాయి, ఆ కబురు చెబితేనే కొడుకుకు నమ్మకం కలిగింది. 14416 నంబరుకు మాస్టారి చేతనే ఫోను చేయించాం. అది 2022లో ప్రభుత్వం పెట్టిన టెలి మానస్, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు పడదు. వృద్ధుల ఇతర కష్టాలకు, ఆస్తి తగాదాలకు, పిల్లలు చూడకపోవడానికి 14567 నంబరు ఉంది. మర్నాడు డాక్టరు దగ్గరకు తీసుకువెళ్ళాం. పోలీసు కేసవుతుందేమోనని కొడుకు భయపడ్డాడు. పూర్వం ఆత్మహత్యాయత్నం నేరంగా ఉండేది. 2017 మానసిక ఆరోగ్య చట్టం ఆ ప్రయత్నం చేసినవారిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవారిగా చూడమన్నది. 2024 జులై 1న వచ్చిన కొత్త శిక్షాస్మృతిలో ఆ పాత సెక్షను లేదు. ఆలోచన వచ్చిందని చెప్పుకోవడం ఎన్నడూ నేరం కాదు. ఈ విషయం మన సభ్యులు తమ ఇళ్ళలో చెప్పాలి, ఎందుకంటే ఆ భయంతోనే చాలా కుటుంబాలు నోరు మూసుకుంటున్నాయి.

మందులు పనిచేయడానికి నెల పైగా పట్టింది. మధ్యలో రెండుసార్లు ఆయన నామీద కోపగించారు, నా మానాన నన్నుండనివ్వరేమని. మంచం పక్కన కూర్చుని వెంకయ్యగారి సంగతులు చదివి వినిపించేవాణ్ణి. పెదకళ్ళేపల్లి పేరు వచ్చేసరికి ఆయన లేచి కూర్చున్నారు. చిన్నప్పుడు అక్కడి గుడికి తీసుకువెళ్ళేవారట. సంక్రాంతి దాటాక ఇద్దరం వెళ్ళాం. నాగేశ్వరస్వామి గుడి మెట్ల మీద కూర్చున్నాం. నది బాగా తగ్గి ఉంది. ఈ ఇసుకలో ఆడుకున్న పిల్లవాడు ఎనభై దాటాక కూడా రాళ్ళు ఏరాడంటే అందులో వింతేముంది అన్నారు మాస్టారు. నాలుగు నెలల తరువాత ఆయన అన్న మొదటి సరదా మాట అది.

నా సొంత కారణం చెబుతానన్నాను. 1961 నుంచి 1963 దాకా నేను బెజవాడలో చదువుకున్నాను. కొత్తపేటలో గది. సాయంత్రాలు స్నేహితులతో చిట్టినగర్ మీదుగానే నడిచేవాణ్ణి. ఆ వీధుల్లో గుడిసెల ముందు ఎంతమంది ముసలివాళ్ళు కూర్చుని ఉండేవారో! వారిలో ఆయన ఉన్నారో లేదో నాకు తెలియదు. ఆగస్టు 15న కాలేజీలో జెండాకు వందనం చేసి, మిఠాయి తిని, ఆ దారినే వెనక్కి నడిచాను. ఆయన అక్కడే ఉన్నారని నాకు తెలిసింది చాలా ఏళ్ళ తరువాత, ఉద్యోగంలో చేరి, పెళ్ళయి, పిల్లలు పుట్టాక, ఏదో పత్రికలో చదివి.

మాస్టారు ఇప్పుడు గురువారం ఫోన్లు చేసేవారి జాబితాలోకి వచ్చారు. దివిసీమ వైపు అయిదుగురు, బందరులో ఒకరు ఆయన వంతు. ఆ బందరు మనిషిని నేనే. భార్య పోయాక నేనూ ఒంటరిగానే ఉంటున్నాను కనుక నా పేరు కూడా ఆ ముప్ఫై ఒక్కమందిలో ఉంది. ఉదయం ఎనిమిదింటికి మోగుతుంది. మాత్రలు వేసుకున్నారా అని మొదలుపెడతారు, వేసుకోకపోతే వేసుకునేదాకా ఫోను పెట్టరు.